లాటిన్ చదివితే అర్థమవుతోంది, మాట్లాడబోతే నోరు పెగలడం లేదు. ఏ ఉచ్చారణ పట్టుకోవాలి?

రైన్_ఒడ్డున:
అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా సొంతంగా లాటిన్ నేర్చుకుంటున్నాను. ఓర్బెర్గ్ గారి పుస్తకం మొదటి భాగం, అదే 'ఫమిలియ రోమాన', 35 అధ్యాయాలూ అయిపోయాయి, కొన్ని రెండుసార్లు కూడా చదివాను. కాగితం మీద ఉంటే కథ హాయిగా సాగిపోతుంది. జర్మనీలో నేనుండే ఊళ్ళో నెలకోసారి లాటిన్‌లోనే మాట్లాడుకునేవాళ్ళు కలుస్తారని తెలిసి పోయిన శనివారం వెళ్ళాను. ఒక పెద్దాయన నవ్వుతూ "ఉందె వెనీస్?" అన్నారు, అంటే ఎక్కణ్ణుంచి వస్తున్నావని. జవాబు నాకు తెలుసు. కానీ తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అక్కణ్ణుంచి లాటిన్‌లోకి తెచ్చి, 'ఎక్స్' (అంటే 'నుంచి') తర్వాత ఏ విభక్తి అని సరిచూసుకునేలోపు ఆయన పక్కవాళ్ళతో మాటల్లో పడిపోయారు. ఆ తర్వాత గంటంతా వింటూ కూర్చున్నాను.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చివర్లో ఎలాగో ఒక వాక్యం అన్నాను, అందులో సీజర్‌ని 'కైసర్' అని, సిసెరోని 'చిచెరో' అని పలికానట. "రెండింట్లో నువ్వు ఏ పద్ధతి పాటిస్తున్నావు బాబూ" అని ఒకావిడ చాలా మర్యాదగా అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. వీడియోల్లో ఒకలా విన్నాను, చర్చి పాటల్లో ఒకలా విన్నాను, రెండూ కలిసిపోయాయి. ఏది పట్టుకోవాలి, ఎలా సాధన చేయాలి, తెలిసినవాళ్ళు చెప్పండి. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.

రోములో_ఆరేళ్ళు:
తమ్ముడూ, ముందు ఆ రెండూ ఏమిటో విడదీసి చూడు, సగం గందరగోళం పోతుంది. ఒకటి పునరుద్ధరించిన పాత ఉచ్చారణ. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం ప్రాంతంలో చదువుకున్న రోమన్లు ఎలా పలికేవారో ఆధారాలతో కూర్చి తయారు చేసింది. ఇందులో క ఎప్పుడూ క, గ ఎప్పుడూ గ. కాబట్టి కికెరో, కైసర్, 'వేనీ వీదీ వీకీ'. రెండోది చర్చి ఉచ్చారణ, ఇటాలియన్ వాళ్ళ నోటి నుంచి వచ్చింది. ఎ, ఇ ల ముందు క కాస్తా చ అవుతుంది, గ కాస్తా జ అవుతుంది, 'ఐ' అనే జంట అచ్చు ఏ అవుతుంది. కాబట్టి చిచెరో, చేసర్, 'వేనీ వీదీ వీచీ'. గ్రాతిఅ అనేది గ్రాత్సియ అవుతుంది.

పాత పద్ధతి ఊహ కాదు. అప్పటి గ్రీకులు రోమన్ పేర్లను తమ లిపిలో క తోనే రాసుకున్నారు. మన తెలుగు బైబిల్లో 'కైసరు' అని ఉంటుంది కదా, అది ఆ గ్రీకు రూపం గుండా మన దాకా వచ్చినదే. జర్మన్‌లో చక్రవర్తిని కైజర్ అంటారు, నువ్వు రోజూ వినే భాషే.

ఏది ఎంచుకున్నా తప్పు లేదు, ఒక వాక్యంలో మాత్రం ఒకటే ఉండాలి. నువ్వు ఓర్బెర్గ్ పుస్తకంతో మొదలుపెట్టావు, ఆయన స్వయంగా చదివి రికార్డు చేసినవి పాత ఉచ్చారణలోనే ఉన్నాయి, కనుక దాంట్లోనే ఉండిపో అని నా సలహా.

నల్లకోటు:
ఇది చూసి ఆగలేకపోయాను. ఇరవై రెండేళ్ళుగా కోర్టులో రోజూ లాటిన్ పలుకుతున్నాను, ఒక్క ముక్క కూడా లాటిన్ వాళ్ళలా పలకడం లేదని ఈమధ్యే తెలిసింది. ప్రైమా ఫేసీ, హేబియస్ కార్పస్, సువో మోటో. ఇవి ఇంగ్లండు వాళ్ళు తమ భాషలా చదువుకున్న లాటిన్, మనకు వాళ్ళ కోర్టులతో పాటే వచ్చాయి. పాత పద్ధతిలో 'ప్రీమా ఫకిఏ', 'హబెఆస్ కొర్పుస్', 'సుఓ మోతూ'. మూడోదాని చివర 'మోటో' అనే మాటే లేదు, అది మోతూ, తృతీయా విభక్తిలాంటిది, 'తన కదలికతో తానే' అని అర్థం. అర్థం తెలిశాక ఆ మాట మీద గౌరవం పెరిగింది. కోర్టులో మాత్రం అందరూ అనేదే అంటాను, అక్కడ అది వేరే భాషకిందే లెక్క.

సాయంకాలం:
చర్చి ఉచ్చారణను అందరూ రెండో పీటన కూర్చోబెడుతున్నట్టుంది, నాకు బాధగా ఉంది. మాది గుంటూరు జిల్లా. మా తాతయ్య గుడి పాటల బృందంలో ఉండేవారు, పూజ తెలుగులోకి మారక ముందు నేర్చుకున్న లాటిన్ జవాబులన్నీ చనిపోయేదాకా ఆయనకు నోటికి వచ్చు. "దోమినుస్ వోబిస్కుం" అని గురువుగారంటే "ఎత్ కుం స్పిరితు తూఓ" అని తడుముకోకుండా అనేవారట. 'అఞ్ఞుస్ దేఇ' పాడితే ఆ ఞ్ఞ ఎంత మెత్తగా పలికేవారో ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయనకు వ్యాకరణం రాదు. కానీ ఆ భాష ఆయన నోట్లో బతికింది. తరం నుంచి తరానికి నోటి ద్వారా తెగకుండా వచ్చింది ఈ దారే, పుస్తకాల్లోంచి తవ్వి తీసింది కాదు. పాడేవాళ్ళకు, ప్రార్థించేవాళ్ళకు ఇదే సరైనది. మాట్లాడే గుంపుల్లో దీన్ని పాటించేవాళ్ళూ ఉంటారు కదా?

రోములో_ఆరేళ్ళు:
ఉంటారమ్మా, రోములో చాలామంది అలాగే మాట్లాడతారు, హాయిగా అర్థమవుతుంది. నేను తక్కువ చేయలేదు, తాతయ్యగారి సంగతి చదివి సంతోషమేసింది. ఒక్క చిన్న సవరణ. చర్చిలో కూడా అందరూ ఎప్పుడూ ఒకేలా పలకలేదు. ఫ్రాన్సులో ఫ్రెంచిలా, జర్మనీలో జర్మన్‌లా పలికేవారు. 1912లో పదో పియూస్ పోపు బూర్జ్ ఆర్చిబిషప్‌కు లేఖ రాసి, రోము పద్ధతి వైపు రావడాన్ని మెచ్చుకున్నాక అది బాగా వ్యాపించింది.

లఘువు_గురువు:
నేను తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి ఇటలీలో చదివేటప్పుడు నాకూ లాటిన్ అంటించింది. క నా చ నా అన్నదాని మీద ఇంత చర్చ జరుగుతోంది గానీ, నా దృష్టిలో అసలు విషయం అచ్చుల పొడవు. ఇది తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన చెవి. యూరప్‌లో చాలామంది ఏళ్ళ తరబడి కష్టపడేది దీని కోసమే.

చూడండి. మలుస్ అంటే చెడ్డవాడు, మాలుస్ అంటే ఆపిల్ చెట్టు. ఒస్ అంటే ఎముక, ఓస్ అంటే నోరు. లిబెర్ అంటే పుస్తకం, లీబెర్ అంటే స్వేచ్ఛ ఉన్నవాడు. వెనిత్ అంటే వస్తున్నాడు, వేనిత్ అంటే వచ్చాడు. పొపులుస్ ప్రజలు, పోపులుస్ ఒక చెట్టు. మనకు పడు, పాడు, కల, కాల, మెడ, మేడ ఎంత తేడానో అంతే తేడా. ఒత్తులూ అంతే: అనుస్ అంటే ముసలమ్మ, అన్నుస్ అంటే సంవత్సరం. అన్నిటికంటే ముఖ్యం, విభక్తి కూడా ఈ పొడవులోనే దాగి ఉంటుంది. 'రొస' అంటే గులాబీ, 'రొసా' అంటే గులాబీతో. మామూలు ముద్రణలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, దీర్ఘం గుర్తు వేసే పుస్తకాల్లో తప్ప. మన లిపిలో రాస్తే తప్పించుకోవడానికి వీల్లేదు. సంస్కృతానికి హ్రస్వ ఎ, ఒ లేవు, మనకు ఉన్నాయి, లాటిన్‌కు ఉన్నాయి. అందుకే నా నోటుబుక్కులో లాటిన్ అంతా తెలుగు లిపిలోనే ఉంటుంది. రైన్_ఒడ్డున బాబూ, నువ్వూ ఓ నెల ఇలా రాసి చూడు.

ఇక ఛందస్సు. వర్జిల్ కావ్యం మొదటి పాదం తీసుకోండి. "అర్మవి రుమ్‌క్వెక నోత్రో యైక్వీ ప్రీముస బోరీస్". గణాలు కట్టండి: భ, భ, గగ, గగ, భ, గగ. ఎవరైనా తెలుగు పద్యం చదువుకున్నవాళ్ళు ఉంటే ఇప్పుడే వేళ్ళ మీద లెక్కపెట్టండి. సంయుక్తాక్షరం ముందున్నది గురువు కావడం దగ్గర నుంచి, ఒక మాట చివరి హల్లు తర్వాతి మాట అచ్చుతో కలిసిపోవడం దాకా అంతా మన ఇంట్లో సంగతిలా ఉంటుంది. మొదటిసారి ఇది తట్టినప్పుడు రాత్రి పదకొండింటికి అమ్మాయికి ఫోన్ చేశాను. పొడవు పాటించకుండా చదివితే ఈ పాదం వట్టి వచనం అయిపోతుంది.

ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, కూడా దీన్ని బట్టే. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దానికి ముందు అక్షరం మీద. అమీకుస్‌లో 'మీ' మీద, ఫకిలిస్‌లో 'ఫ' మీద. రెండే అక్షరాల మాటైతే మొదటిదాని మీద. మనం చేసే తప్పు ఇక్కడే. తెలుగులో ఊనిక బలంగా ఉండదు కాబట్టి అన్ని అక్షరాలూ సమంగా దొర్లించేస్తాం.

రైన్_ఒడ్డున:
మాష్టారూ, గణాలు కట్టి చూశాను, ఒళ్ళు ఝల్లుమంది. రెండేళ్ళు ఆ దీర్ఘం గుర్తుల్ని ఏదో అలంకారం అనుకుని దాటేశాను. మొదటి అధ్యాయం నుంచి తెలుగు లిపిలో రాయడం ఇవాళే మొదలుపెడతాను. మన నోటికి కష్టమైనవి ఇంకేమైనా ఉంటే చెప్పండి.

ఎర్రమట్టి:
నేను ఒప్పుకోను. మాట్లాడటానికే భయపడుతున్న మనిషికి లఘువు గురువు, ఊనిక అని ఇన్ని చెబితే ఇంకా బిగుసుకుపోతాడు. ముందు మాట్లాడనివ్వండి, తప్పో ఒప్పో ధారగా రానివ్వండి, ఉచ్చారణ తర్వాత దిద్దుకోవచ్చు. మనమంతా ఇంగ్లీషు అలాగే కదా నేర్చుకున్నాం. యూరప్‌లోనూ వందల ఏళ్ళు ఒక్కో దేశంవాడు ఒక్కో యాసలో లాటిన్ మాట్లాడాడు, పని నడవలేదా?

రోములో_ఆరేళ్ళు:
అన్నిసార్లూ నడవలేదు, సమస్య అదే. ఎరాస్మస్ 1528లో లాటిన్, గ్రీకు ఉచ్చారణ మీద ఒక పుస్తకం వేశాడు. అందులో మాక్సిమిలియన్ చక్రవర్తి దగ్గరికి అభినందనలు చెప్పడానికి వచ్చిన రాయబారుల కథ ఉంది. ఫ్రెంచి రాయబారి లాటిన్‌లో ప్రసంగిస్తే, అక్కడున్న ఇటాలియన్లు ఆయన ఫ్రెంచిలో మాట్లాడుతున్నాడనుకున్నారట.

అయినా నీ మాటలో సగం నిజం. తప్పు పలికినా ఆగకూడదు, దానికి ఒప్పుకుంటాను. కానీ పొడవును 'తర్వాత' అని వదిలేస్తే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. నేను మూడేళ్ళు పొట్టి పొడవు చూడకుండా మాట్లాడి, తర్వాత ప్రతి మాటనూ మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. వెనిత్, వేనిత్ రెండూ నా తలలో ఒకే మాటగా అతుక్కుపోయాయి, విడదీయడం మొదటిసారి నేర్చుకోవడం కన్నా కష్టమైంది.

మన నోటికి కష్టమైనవి అడిగావు కదా. మొదటిది, మాట చివర ఉకారం. బస్సు, కారు అన్నట్టు 'ఎస్తు', 'అమతు' అనేస్తాం. ఎస్త్, అమత్ అని అక్కడే నోరు ఆగిపోవాలి. రెండోది, ఇంగ్లీషు అలవాటుతో ట, డ. లాటిన్‌లో మన త, ద చాలు, నాలుక పళ్ళకు తగలాలి. మూడోది, రొస అనే మాటను రోజా అనడం. పాత ఉచ్చారణలో స ఎప్పుడూ స. నాలుగోది వ. మన వ పలికేటప్పుడు కింది పెదవి పళ్ళ దగ్గరికి వెళుతుంది. అక్కడ పెదాలు గుండ్రం చేసి ఉ తో మొదలై జారాలి.

సున్నా సంగతి మాత్రం మనకు కలిసొచ్చింది. మాట చివరి మ ను నిండుగా పలకరు. 'ముల్తుం ఇల్లె' లాంటి చోట ఆ మ రాస్తారు గానీ సరిగా వినపడదని 1వ శతాబ్దంలో క్వింటిలియన్ అనే రోమన్ గురువు రాశాడు. మనం మామూలుగా 'పుస్తకం' అన్నప్పుడు పెదాలు పూర్తిగా మూసుకుంటాయా? ముక్కులోకి పోతుంది, అంతే. పద్యంలో అది ముల్తిల్లె అవుతుంది. వాడు, ఎవడు కలిసి వాడెవడు అయినట్టే.

నల్లకోటు:
ఖ, ఛ, థ లాంటి ఒత్తులు ఉన్నాయా అందులో?

లఘువు_గురువు:
గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో ఉన్నాయండీ. ఖొరుస్, థెఆత్రుం, ఫిలొసొఫిఅ. ఆ ఫ మన ఫోన్‌లో ఫ కాదు, ప కి గాలి చేర్చి పలికేది. లాటిన్ సొంత మాటల్లో ఉండే ఫ మాత్రం పెదవి, పళ్ళు కలిపి పలికే ఫోన్‌లోని ఫ. కతుల్లుస్ అనే కవి ఒక పద్యం రాశాడు. అర్రిఉస్ అనే ఆయనకు గొప్పగా మాట్లాడాలని కోరిక, 'కొమ్మొద' అనాల్సిన చోట 'ఖొమ్మొద' అనేవాడు, 'ఈన్సిదిఆస్' అనాల్సిన చోట ముందు హ చేర్చేవాడు. మన దగ్గర 'బాధ'ను 'భాద' అని రాసేవాళ్ళను చూసినవాళ్ళకు ఈ పద్యం వివరించి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు అనువాదంలో చదివేవాళ్ళకు మాత్రం దీనికి ఒక పేజీ వివరణ కావాలి.

మేడమీద_గది:
ఎర్రమట్టి గారికీ రోములో అన్నయ్యకూ మధ్య నేనొక మాట చెబుతాను. నేను ముందు పది రోజుల సంస్కృత సంభాషణ శిబిరంలో మాట్లాడటం నేర్చుకున్నాను, తర్వాత లాటిన్‌కు వచ్చాను. ఉచ్చారణ వేరు, ధార వేరు అని అందరూ అనుకుంటారు. నాకు రెండూ ఒకేసారి వచ్చాయి, ఎందుకంటే రెండూ పాఠం గట్టిగా చదవడం వల్లే వచ్చాయి. ఒకే అధ్యాయం రోజూ, రికార్డింగ్ వింటూ, దాని వెనకాలే, దాదాపు వల్లె వేసినట్టు. పదో రోజుకు వాక్యం తనంతట తనే నోట్లోంచి వస్తుంది. ఎక్కాలు వచ్చినట్టే.

రైన్_ఒడ్డున, నీ అసలు ఇబ్బంది మధ్యలో ఇంగ్లీషును దూర్చడం. దాన్ని తీసెయ్. తెలుగు నుంచి లాటిన్‌కు దారి చాలా దగ్గర. 'నాకు పుస్తకం ఉంది' అంటే 'మిహి లిబెర్ ఎస్త్', ముక్కకు ముక్క అదే. 'నాకు నచ్చింది' అంటే 'మిహి ప్లకెత్', ఇక్కడా నాకే. ఇంగ్లీషులో అనుకుంటే 'నేను కలిగి ఉన్నాను' అనే దారిలో పోతావు. ప్రశ్నకు మనం చివర ఆ చేరుస్తాం, వచ్చావా అని. వాళ్ళు నె చేరుస్తారు, 'వేనిస్తీనె' అని. జవాబు అవును అనక్కర్లేదు, మనం 'వచ్చాను' అన్నట్టే 'వేనీ' అంటే చాలు. నేను, నువ్వు పలకక్కర్లేదు, క్రియలోనే ఉంటుంది. క్రియ చాలాసార్లు చివర వస్తుంది. తల్లీ తండ్రీ అన్నప్పటి ఆ చివరి దీర్ఘం పని వాళ్ళ 'క్వె' చేస్తుంది, 'మాతెర్ పతెర్‌క్వె'. 'పొద్దు పొడిచాక' అని మనం రెండు మాటల్లో అనేది వాళ్ళూ 'సోలె ఒర్తో' అని రెండు మాటల్లో అంటారు. ఇంగ్లీషులో దీనికి ఒక పూర్తి వాక్యం కట్టాలి.

'ఎక్స్' తర్వాత ఏ విభక్తి అని ఆలోచించకు. 'ఎక్స్ ఇందిఆ' మొత్తం ఒకే మాట, 'ఇండియా నుంచి' మనకు ఒకే మాట అయినట్టు. అలాంటివి ముప్పై తయారుగా పెట్టుకో. ముఖ్యంగా ఆగిపోయినప్పుడు అనే మాటలు: 'లెన్తిఉస్, క్వైసో', కాస్త నెమ్మదిగా అండీ. 'ఇతెరుం, క్వైసో', మళ్ళీ చెప్పండి. 'క్వోమొదొ దీకితుర్', దీన్నేమంటారు. మౌనంగా ఉంటే ఎవరైనా పక్కకు తిరుగుతారు, ఇవి అంటే నీ కోసం ఆగుతారు. ఇంట్లో వంట చేస్తూ చేసే పనల్లా పైకి చెప్పుకో. నేను కూరగాయలు కోస్తూ ఆరు నెలలు అదే చేశాను.

ఎర్రమట్టి:
ఇది బాగుంది అక్కా. ఆగిపోయినప్పుడు అనే మాటల సంగతి ఎవరూ చెప్పరు. నా మాట వెనక్కి తీసుకోను గానీ, గట్టిగా చదవడం ఇద్దరికీ పనికొస్తుందని ఒప్పుకుంటాను.

పత్రహరితం:
బోటనీ చెబుతాను. మొక్కల పేర్లు తప్ప లాటిన్ తెలియదు. ఒక సందేహం, నిజంగా ఎవరైనా మాట్లాడుతున్నారా, లేక పుస్తకాల వరకేనా?

రోములో_ఆరేళ్ళు:
మాట్లాడుతున్నారండీ. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో 1996 నుంచి లాటిన్ మాత్రమే మాట్లాడే వేసవి సమావేశాలు జరుగుతూ వచ్చాయి. రోము దగ్గర ఫ్రస్కాతిలో వివారియుం నోవుం అనే విద్యాసంస్థలో పిల్లలు చదువు, భోజనం, పోట్లాట అన్నీ లాటిన్‌లోనే. ఫిన్లాండ్ రేడియో 1989 నుంచి 2019 దాకా ప్రతివారం లాటిన్‌లో వార్తలు చదివింది. హంగరీలో 1844 దాకా అధికార భాష ఇదే. 2013 ఫిబ్రవరి 11న పదహారో బెనెడిక్ట్ పోపు పదవి వదులుతున్నట్టు లాటిన్‌లో చెప్పినప్పుడు, వింటున్న విలేఖరుల్లో లాటిన్ వచ్చిన ఒకావిడ వెంటనే పట్టుకుంది, ఆమె సంస్థ అందరికంటే ముందు ప్రపంచానికి చెప్పింది. చెవికి వస్తే ఎంత పని చేస్తుందో చూడండి.

వేగంగా మాట్లాడితే పూర్వం ఎలా ఉండేదో సిసెరో రాసిన ఒక శకునం కథ చెబుతుంది. క్రస్సుస్ అనే రోమన్ సేనాని యుద్ధానికి బ్రుందిసియుం రేవులో సైన్యాన్ని ఓడ ఎక్కిస్తుంటే ఒకడు కౌనుస్ ఊరి అత్తిపళ్ళు అమ్ముతూ "కౌనెఆస్" అని అరుస్తున్నాడు. అది 'కవె నే ఎఆస్', అంటే వెళ్ళకు జాగ్రత్త, అన్నట్టు వినిపించిందట. ఆయన వెళ్ళాడు, తిరిగి రాలేదు. వ అనేది ఉ కి దగ్గరగా ఉండి, మాటల చివరి అచ్చులు మింగేస్తేనే ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. బజారు లాటిన్ ఎలా ఉండేదో నాకు దీనికంటే దగ్గరగా చూపించింది ఇంకొకటి లేదు.

రైన్_ఒడ్డున:
నెల తర్వాత వచ్చాను. నిన్న మళ్ళీ వెళ్ళాను. పన్నెండు అధ్యాయాలు తెలుగు లిపిలో రాసుకున్నాను, రోజూ పొద్దున్నే అరగంట గట్టిగా చదివాను. పక్కింటావిడ ఏ భాష అని అడిగింది కూడా.

అదే పెద్దాయన నిన్న రాత్రి ఏం తిన్నావని అడిగారు. 'ఒరిజం ఎత్ లెన్తెం', అన్నం పప్పు అన్నాను, వెంటనే, మధ్యలో ఇంగ్లీషు లేకుండా. ఇంకేం వేశారని అడిగితే చింతపండుకు మాట తెలియక 'క్వోమొదొ దీకితుర్' అని, పుల్లగా ఉంటుంది, చెట్టుకు కాస్తుంది, గోధుమరంగు అని వర్ణించాను. ముగ్గురు చుట్టూ చేరి ఊహించడం మొదలుపెట్టారు, చివరికి ఒకరు 'తమరిందుస్' అన్నారు. పావుగంట చింతపండు మీదే నడిచింది. రెండుసార్లు 'ఎస్తు' అన్నానట, ఉచ్చారణ అడిగిన ఆవిడే చెప్పారు. పొడవులు మాత్రం బాగున్నాయన్నారు, ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మా మాతృభాషలోనే ఉన్నాయని చెప్పాను.

ఒక్క సందేహం మిగిలింది. 'ఒరిజం' లో ఆ రెండో అచ్చు నేను ఇ అన్నాను, ఆయన వేరేగా పలికారు. ఇంకా 'మగ్నుస్' లో గ్న ఎలా పలకాలి?

లఘువు_గురువు:
సంతోషం బాబూ. మగ్నుస్ కాదు, మఙ్నుస్. బళ్ళో దిద్దుకున్నాక ఎవరమూ వాడని ఆ ఙ ఇక్కడ పనికొచ్చింది. సాయంకాలం అమ్మాయి వాళ్ళ తాతగారైతే మఞ్ఞుస్ అనేవారు. ఇక ఆ అచ్చు మనకు లేదు. పెదాలు ఊ అన్నట్టు పెట్టి లోపల ఈ పలకాలి. నువ్వు జర్మనీలోనే ఉన్నావు కదా, వాళ్ళ 'ఫ్యూర్' లో ఉండేది అదే, పక్కింటావిడనే ఒకసారి పలకమను.